మార్కులెన్ని అని కాకుండా... మొదటి మాట ఏమడగాలి?



సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. మన పిల్లల్లో చాలామంది అమ్మమ్మగారి ఊరికో, నాన్నమ్మగారి ఊరికో ప్రయాణమవుతారు. ఏడాదికి ఒకసారి కనిపించే చుట్టాలు, పేర్లు కూడా సరిగ్గా గుర్తులేని కజిన్స్, రైల్లో ఎదురు సీటులో కూర్చున్నవాళ్లు, పక్కింటి కొత్త పిల్లలు... ఇలా నాలుగైదు రోజుల్లో ఎంతమందితోనో మాట్లాడాల్సిన సందర్భాలు వస్తాయి. అందుకే ఈ నెల పాఠానికి గ్రామర్ కాకుండా వేరే అంశం తీసుకున్నాను. కొత్తవాళ్లతోనో, చాలాకాలం తర్వాత కలిసినవాళ్లతోనో మాట మొదలుపెట్టాలంటే ఏ విషయం ఎంచుకోవాలి?

స్పోకెన్ ఇంగ్లిష్ పీరియడ్‌లో నేను తరచూ గమనించే సంగతి ఒకటుంది. 'పర్యావరణ పరిరక్షణ' మీద రెండు నిమిషాలు గడగడా మాట్లాడే పిల్లల్ని జంటగా కూర్చోబెట్టి, "ఇప్పుడు ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోండి" అంటే మూడు ప్రశ్నల్లో ఆగిపోతారు. పేరేంటి, ఏ సెక్షన్, యూనిట్ టెస్ట్‌లో ఎన్ని వచ్చాయి? ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తెలుగులో మాట్లాడుకోండి అన్నా అదే పరిస్థితి. కాబట్టి ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. దేని గురించి మాట్లాడాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. పిల్లలు ఎదుటివాళ్లను అడిగే ప్రశ్నలు ఎక్కువగా తమను పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలే.

మొదటి మాట చేసే పని

మనం కలవగానే మాట్లాడుకునే మాటల్లో పెద్దగా సమాచారం ఉండదు. "బాగున్నారా?" అని అడిగినవాళ్లు మన బీపీ రిపోర్టు ఆశించరు. "భోంచేశారా?" అంటే ఆ పూట మనకు అన్నం పెడతారని కాదు. గోడ అవతలి నుంచి "ఏం కూర వండారు?" అని అడిగే పక్కింటి ఆవిడకు మన బెండకాయ వేపుడుతో పనేమీ లేదు. మాట కలపడమే అక్కడ పని. ఇంగ్లండ్‌లో ఇదే పనికి వాతావరణాన్ని వాడతారు. వాన పడుతుందేమో, చలి పెరిగిందేమో అన్నది అక్కడ అపరిచితులు కూడా మాట్లాడుకోగలిగిన విషయం.

బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూ గినియా దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడివాళ్ల మధ్యే చాలాకాలం ఉండి వాళ్ల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1923లో రాసిన ఒక వ్యాసంలో ఆయన ఇలాంటి మాటలకు 'ఫాటిక్ కమ్యూనియన్' అని పేరు పెట్టారు. కొత్త మనిషి మౌనంగా ఉంటే ఎదుటివాళ్లకు ఏదో అసౌకర్యంగా, అనుమానంగా ఉంటుందనీ, నాలుగు మామూలు మాటలు ఆ బెరుకును పోగొడతాయనీ ఆయన వివరించారు. "ఉబుసుపోక కబుర్లు" అని మనం తేలిగ్గా తీసేసే మాటలకు కూడా ఒక ప్రయోజనం ఉందన్నమాట.

ఈ విషయం మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. పని మీద బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే మన ఇళ్లలో పెద్దవాళ్లు కోప్పడతారు. "దూరమా?" అని అడగమంటారు. శకునాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా చూడండి. "ఎక్కడికి?" అంటే జవాబు చెప్పి తీరాలి. "దూరమా?" అంటే "ఆ, కాస్త దూరమే" అని నవ్వి వెళ్లిపోవచ్చు. చెప్పాలనిపిస్తే మొత్తం చెప్పొచ్చు, లేదంటే తప్పుకోవచ్చు. ఎదుటి మనిషికి ఆ వీలు ఇవ్వడంలోనే మర్యాద ఉంది.

కొలిచే ప్రశ్న, తెరిచే ప్రశ్న

పిల్లలకు నేను ప్రశ్నలను రెండు రకాలుగా చెబుతాను. ఒకటి కొలిచే ప్రశ్న, రెండోది తెరిచే ప్రశ్న.

కొలిచే ప్రశ్నకు జవాబు చెప్పగానే మనిషి ఒక మెట్టు మీద నిలబడిపోతాడు. ఎక్కువో తక్కువో తేలిపోతుంది. మార్కులెన్ని? ర్యాంకెంత? జీతమెంత? సొంతిల్లా, అద్దెదా? ఇంకా పెళ్లి కాలేదా? పిల్లలు లేరా? ఇంత సన్నబడ్డావేంటి, ఇంత నల్లబడ్డావేంటి? అడిగేవాళ్లు చాలాసార్లు ప్రేమతోనే అడుగుతారు. కానీ జవాబు చెప్పేవాళ్లకు అది ఇంటర్వ్యూలాగే ఉంటుంది. మంచి ర్యాంకు వచ్చిన పిల్లవాడు కూడా ఆ అంకె చెప్పేశాక ఇంకేం మాట్లాడాలో తెలియక నిలబడిపోతాడు.

ఈ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది. "మీ ఇంటిపేరేంటి?" అనో, "మీరేమిటోళ్లు?" అనో అడగడం. కులం తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న అని పెద్దవాళ్లందరికీ తెలుసు. పిల్లలు అర్థం తెలియకుండానే ఇది నేర్చుకుని తోటి పిల్లలను అడుగుతారు. అడిగిన పిల్లకు అది మామూలు ప్రశ్న. విన్న పిల్లకు అలా కాకపోవచ్చు. 'నాతో స్నేహం చేయాలో వద్దో దీన్ని బట్టి తేల్చుకుంటారా?' అనే అనుమానం మొదలైతే ఆ స్నేహం అక్కడే ఆగిపోతుంది. స్నేహానికి ఈ సమాచారంతో పని లేదని ఇంట్లో మనమే స్పష్టంగా చెప్పాలి.

తెరిచే ప్రశ్న ఇలా ఉండదు. దానికి సరైన జవాబు, తప్పు జవాబు అని ఉండవు. ఎదుటి మనిషికి బాగా తెలిసిన, ఇష్టమైన విషయం గురించి చెప్పుకునే అవకాశం ఇస్తుంది. "ఈ అరిసెల పాకం సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది అమ్మమ్మా?" అని అడిగి చూడండి. ఆవిడ గిన్నెలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, ఉండ కట్టి చూపిస్తుంది. అందులో ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు.

ఒక టాపిక్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి మూడు చిన్న పరీక్షలు చాలు.

1. ఇది ఎదుటివాళ్లకు తెలిసిన విషయమేనా? మనకిష్టమైన వీడియో గేమ్ గురించి తాతయ్యతో మొదలుపెడితే ఆయన తల ఊపడం తప్ప ఏం చేయలేరు.

2. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే సులువుగా తప్పుకునే వీలుందా? "సెలవుల్లో ఏం చేస్తున్నావు?" అంటే ఏదైనా చెప్పొచ్చు. "ఫెయిలయ్యావటగా?" అంటే తప్పుకునే దారి లేదు.

3. ఒక్క మాటతో అయిపోతుందా? "నీకు క్రికెట్ ఇష్టమా?" అంటే "ఆ" అనేస్తే సరి. "క్రికెట్ ఎక్కడ ఆడతారు మీరు, గ్రౌండ్ ఉందా?" అంటే నాలుగు మాటలు వస్తాయి.

ఈ మూడింటినీ పండగకు కలిసే మనుషులతో కలిపి చూద్దాం.

తాతయ్య, అమ్మమ్మ, నాన్నమ్మ: వాళ్ల చిన్నప్పటి బడి, ఊళ్లోకి కరెంటు వచ్చిన రోజులు, మొదటిసారి ఎక్కిన రైలు, చూసిన మొదటి సినిమా, ఇంట్లో ఉన్న పాత వస్తువుల కథలు. పాత ఫొటో ఆల్బమ్ తీసి "ఇదెవరు?" అని అడిగితే చాలు. ఆరోగ్యం గురించి అడగడం మంచిదే, కానీ మాటలన్నీ మందుల చుట్టూనే తిరిగితే పెద్దవాళ్లకూ విసుగొస్తుంది.

తోటి వయసు కజిన్స్: గాలిపటాలు, స్కూల్ బస్సులో జరిగే తమాషాలు, పెంపుడు జంతువులు, నచ్చిన ఆటలు. సినిమా కూడా మంచి టాపిక్కే, అయితే అడిగే తీరు ముఖ్యం. "మీ హీరో ఎవరు?" అనగానే రెండు జట్లు తయారవుతాయి, గొడవ మొదలవుతుంది. "ఈ మధ్య చూసిన సినిమాలో నీకు బాగా నవ్వొచ్చిన సీన్ ఏది?" అంటే ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు.

విదేశాల నుంచి వచ్చిన కజిన్: అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగిన పిల్లలు ఇక్కడికి రాగానే అందరూ వాళ్ల తెలుగు మీద జోకులేస్తారు. లేదంటే "మా వాడితో ఇంగ్లిష్‌లో మాట్లాడు, చూద్దాం" అంటారు. రెండూ పరీక్షలే. దానికి బదులు "మీ స్కూల్లో లంచ్ ఎలా ఉంటుంది?", "అక్కడ ఇప్పుడు చలికాలమా, ఎండాకాలమా?" అని అడగమనండి. మనకు జనవరి చలి నెల, ఆస్ట్రేలియాలో అదే నెల నడి వేసవి. ఆ ఒక్క జవాబు నుంచి సోషల్ పాఠం దాకా మాటలు సాగుతాయి.

పదో తరగతి, ఇంటర్ చదువుతున్న అన్నయ్యలు, అక్కలు: పండగ రోజుల్లో అందరికంటే ఎక్కువ నలిగిపోయేది వీళ్లే. జనవరిలోనే జేఈఈ మెయిన్ మొదటి సెషన్, ఆ వెంటనే బోర్డు పరీక్షలు. వచ్చిన ప్రతి చుట్టం "ప్రిపరేషన్ ఎలా ఉంది?" అనే అడుగుతారు. వీళ్లతో చదువు తప్ప ఏదైనా మాట్లాడొచ్చు. "అన్నయ్యా, గాలిపటానికి సూత్రం కట్టడం నేర్పవా?" అంటే ఆ గంటసేపు అతనికి కూడా విశ్రాంతి.

ఊరు, యాస, తిండి: జాగ్రత్తగా వాడాల్సిన మంచి టాపిక్స్

మన క్లాసుల్లో ఎన్నో జిల్లాల పిల్లలు కలిసి చదువుతున్నారు. ఒకే వంటను కొందరు జంతికలు అంటారు, కొందరు మురుకులు అంటారు, ఇంకొందరు చక్రాలు అంటారు. సొరకాయ అనేవాళ్లూ, ఆనపకాయ అనేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సంక్రాంతికి తెలంగాణ ఇళ్లలో సకినాలు చేస్తే, ఆంధ్ర ఇళ్లలో అరిసెలు ముందు గుర్తొస్తాయి. "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అన్నది పిల్లలకు దొరికే అతి మంచి మొదటి ప్రశ్నల్లో ఒకటి. అందరి దగ్గరా జవాబుంటుంది, ప్రతి జవాబూ వేరుగా ఉంటుంది.

అదే టాపిక్ ఒక్క నవ్వుతో పాడైపోతుంది. "అలా అంటారేంటి, తప్పు కదా!" అంటే ఎదుటి పిల్ల ఇంకోసారి తన ఇంటి మాట బడిలో మాట్లాడదు. ఏ యాసా తప్పు కాదు, ఏ యాసా తక్కువ కాదు. తిండి విషయంలోనూ ఇంతే. "ఛీ, అది తింటారా మీరు?" అనే మాట పిల్లల మధ్య చాలా లోతుగా గుచ్చుకుంటుంది. లంచ్ బాక్స్ మూత తెరవడానికి వెనకాడే పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. "మీ ఇంట్లో పండక్కి ఏం చేస్తారు?" అనేది ప్రశ్న. ఏం చెప్పినా "అవునా, అదెలా చేస్తారు?" అనేది తర్వాతి మాట. పిల్లలకు ఈ రెండూ కలిపే నేర్పాలి.

రెండో ప్రశ్న జవాబులోనే ఉంటుంది

కొందరు పిల్లలు ప్రశ్నల జాబితా బట్టీపట్టి వచ్చి ఒకదాని తర్వాత ఒకటి అడిగేస్తారు. అది సంభాషణలా ఉండదు, సర్వేలా ఉంటుంది. మొదటి ప్రశ్న మాత్రమే మనం ముందుగా అనుకుని వెళ్లాలి. రెండో ప్రశ్న ఎదుటివాళ్ల జవాబులో నుంచి రావాలి. అలా రావాలంటే వినాలి. ఉదాహరణకు ఒక పాప, తాతయ్య ఇలా మాట్లాడుకుంటున్నారనుకోండి.

"తాతయ్యా, చిన్నప్పుడు మీరు బడికి ఎలా వెళ్లేవాళ్లు?"

"నడిచేనమ్మా. బడి పక్క ఊళ్లో ఉండేది. కాలవ దాటి వెళ్లాలి."

"కాలవ మీద వంతెన ఉండేదా?"

"వంతెనెక్కడిది? బల్లకట్టు మీద దాటేవాళ్లం."

"బల్లకట్టు అంటే ఏంటి తాతయ్యా?"

"చెక్కలతో వెడల్పుగా చేస్తారు. మనుషులు, సైకిళ్లు, ఎడ్లబండ్లు అన్నీ దాని మీదే."

"మా స్కూల్ బస్సు కూడా వాన పడితే మా వీధిలోకి రాదు తాతయ్యా, మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్తాం. వానాకాలంలో మీరు ఏం చేసేవాళ్లు?"

పాప ముందుగా అనుకున్నది మొదటి ప్రశ్న ఒక్కటే. 'కాలవ' విని వంతెన గురించి అడిగింది. 'బల్లకట్టు' విని అర్థం అడిగింది. తెలియని మాటకు అర్థం అడగడం నామోషీ కాదు, చెప్పేవాళ్లకు అది సంతోషం. చివర్లో తన సంగతి కూడా ఒకటి చెప్పింది. అడగడమే తప్ప మన గురించి ఏమీ చెప్పకపోతే ఎదుటివాళ్లకు విచారణలా ఉంటుంది. రెండు మూడు ప్రశ్నలకు ఒక సొంత కబురు కలపాలి.

ఈ సాధన తెలుగులో చేస్తే ఇంగ్లిష్ ఎలా వస్తుందని కొందరు పేరెంట్స్ అడుగుతారు. వినడం, విన్నదాన్ని పట్టుకుని ముందుకు వెళ్లడం అనే నైపుణ్యానికి భాషతో సంబంధం లేదు. తెలుగులో అలవాటైతే ఇంగ్లిష్‌లోకి తేవడానికి పదాలు మాత్రమే కావాలి, అవి మేం క్లాసులో నేర్పుతాం. విదేశాల్లో చదువుకోవాలనుకునే చాలామంది రాసే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ టెస్ట్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. అందులో మొదటి 4, 5 నిమిషాలు ఎగ్జామినర్ ఇల్లు, కుటుంబం, చదువు, ఇష్టాలు లాంటి మామూలు విషయాల మీదే మాట్లాడిస్తారు. బట్టీపట్టిన ఎస్సే అక్కడ పనికిరాదు. ఊళ్లో తాతయ్యతో అరగంట కబుర్లు చెప్పిన పిల్లలకు ఆ నాలుగు నిమిషాలు కొత్తగా అనిపించవు.

ఇంకో రకం భద్రత

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఎదుటివాళ్లను నొప్పించకుండా మాట్లాడడం. మన పిల్లలు క్షేమంగా ఉండేలా మాట్లాడడం కూడా అంతే ముఖ్యం. మర్యాద అంటే అడిగినవన్నీ చెప్పేయడం అని కొందరు పిల్లలు అనుకుంటారు. ప్రయాణాల్లో, ఆన్‌లైన్ గేమ్స్‌లో కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలియాలి.

చెప్పగలిగినవి: ఇష్టమైన ఆట, చదివిన కథ, నచ్చిన తిండి, చూసిన ఊళ్లు, పండగ కబుర్లు.

చెప్పకూడనివి: ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్, స్కూల్ పేరు, బస్సు ఎక్కే స్టాప్, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉండరు, అమ్మానాన్నల జీతాలు, పాస్‌వర్డ్, ఓటీపీ, సొంత ఫొటోలు.

రైల్లో ఎవరైనా "ఎక్కడికెళ్తున్నారు? ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగితే పిల్లలు "అమ్మను అడగండి అంకుల్" అనేసి పుస్తకంలోకో కిటికీలోకో తల తిప్పుకోవచ్చు. అది అమర్యాద కాదని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మాట మధ్యలో లేచి రావడానికి "అమ్మ పిలుస్తోంది, వెళ్తాను" అనే వాక్యం చాలు. "ఇది మీ అమ్మకు చెప్పకు" అని ఎవరు అన్నా, తెలిసినవాళ్లయినా సరే, ఆ మాట వెంటనే ఇంట్లో చెప్పాలి. అవసరమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని పెద్ద పిల్లలకు నేర్పండి.

ముందు మన ఇంట్లో

పిల్లలు ప్రశ్నలు అడగడం మన దగ్గరే నేర్చుకుంటారు. సాయంత్రం బస్సు దిగిన పిల్లను మనం మొదట ఏమడుగుతున్నాం? "టెస్ట్ పేపరిచ్చారా? ఎన్ని వచ్చాయి? హోంవర్క్ ఏంటి?" వీటికి జవాబులు కూడా అంతే చిన్నగా వస్తాయి. "ఇవ్వలేదు." "బాగానే." "లేదు." కొన్నాళ్లకు "మావాడు ఇంట్లో ఏమీ చెప్పడు మేడమ్" అని పీటీఎంలో అంటారు.

మార్కులు అడగొద్దని నేను చెప్పడం లేదు. ఫీజు కట్టి చదివిస్తున్నారు, అడిగే హక్కు, బాధ్యత రెండూ మీకున్నాయి. అయితే మొదటి మాటగా వద్దు. స్నాక్స్ తిని, కాసేపు ఆడుకుని, పుస్తకాలు తెరిచాక అడగండి. మొదటి మాట ఇంకేదైనా కావచ్చు:

• ఈరోజు క్లాసులో అందరికంటే ఎక్కువ నవ్వించింది ఎవరు?

• లంచ్ ఎవరితో కూర్చుని తిన్నావు? వాళ్ల బాక్సులో ఏముంది?

• ఈరోజు ఏ పీరియడ్ తొందరగా అయిపోయినట్టు అనిపించింది?

• నీకు తెలిసి నాకు తెలియనిది ఒకటి చెప్పు.

• మా ఆఫీసులో ఈరోజు ఇలా జరిగింది, నువ్వైతే ఏం చేసేవాడివి?

రోజూ ఇలాంటి మాటలు నడిచే ఇంట్లో, ఏదో ఒక రోజు పిల్ల "అమ్మా, బస్సులో ఒకళ్లు నన్ను ఏడిపిస్తున్నారు" అని చెప్పడానికి ధైర్యం చేస్తుంది. రోజూ లెక్కలు అప్పజెప్పించుకునే ఇంట్లో ఆ మాట గొంతు దాటి రావడం కష్టం. ఈ పాఠాన్ని పిల్లల కంటే ముందు మీకు పంపడానికి కారణం ఇదే.

పండక్కి ఇంకో చిన్న సాయం చేయండి. చుట్టాలు "ఏరా, ఎన్ని మార్కులు?" అని అడిగినప్పుడు పిల్లల బదులు మీరే మాట అందుకోండి. "మార్కుల సంగతి మార్చి తర్వాత చూద్దాంలే అన్నయ్యా. వీడు ఈసారి గాలిపటం సొంతంగా చేశాడు, చూశావా?" అంటే ఎవరికీ చిన్నతనం ఉండదు, మాట కూడా మంచి దారిలో పడుతుంది. పిల్ల కులమేంటని ఎవరైనా అడిగితే "మాది ఫలానా ఊరండీ, మీరు చిన్నప్పుడు ఏ ఊళ్లో ఉండేవాళ్లు?" అని మర్యాదగా మాట మార్చడం మీరే చేసి చూపించండి.

సిగ్గరి పిల్లలను అందరి ముందు నిలబెట్టి "అంకుల్‌కు రైమ్ చెప్పు", "ఇంగ్లిష్‌లో మాట్లాడు" అని బలవంతపెట్టకండి. వాళ్లకు పని చేస్తూ మాట్లాడడం సులువు. అత్తతో కలిసి ముగ్గులో రంగులు నింపుతూనో, మామయ్యతో కలిసి భోగి మంటకు పుల్లలు ఏరుతూనో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఎదురెదురుగా కూర్చోవాల్సిన పని లేదు. "నమస్తే తాతగారూ" అని పలకరించి ఊరుకున్నా ఆ రోజుకు చాలు.

సెలవుల్లో చేయాల్సిన పని: ఐదుగురు, ఐదు కబుర్లు

ఈసారి ఇంగ్లిష్ హాలిడే హోంవర్క్‌లో రాత పని తగ్గించి ఈ చిన్న పని ఇస్తున్నాం.

1, 2 తరగతులు: ఇంట్లో ఒక పెద్దవాళ్లను "మీ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాళ్లు?" అని అడగాలి. ఆ ఆట బొమ్మ గీయాలి. కింద పేరు మీరు రాసి పెట్టండి.

3 నుంచి 5 తరగతులు: ముగ్గురితో మాట్లాడాలి. ఒక్కొక్కరి నుంచి ఒక కొత్త తెలుగు మాట తెచ్చుకోవాలి. బల్లకట్టు, రోకలి, గరిసె... ఏదైనా సరే. అర్థం ఇంగ్లిష్‌లో ఒక వాక్యంలో చెప్పాలి.

6 నుంచి 8 తరగతులు: ఐదుగురితో మాట్లాడాలి. అందులో ఇద్దరైనా పిల్లలకు అంతగా పరిచయం లేని చుట్టాలై ఉండాలి. ప్రతి ఒక్కరి గురించి మూడు విషయాలు నోట్ చేసుకోవాలి: నేను అడిగిన మొదటి ప్రశ్న, నాకు తెలిసిన కొత్త సంగతి, నేను చెప్పిన నా సంగతి.

9, 10 తరగతులు: పదో తరగతి పిల్లలకు ఇది తప్పనిసరి కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంట్లో ఒక పెద్దవాళ్ల మొదటి ఉద్యోగం గురించో, మొదటి పంట గురించో పది నిమిషాలు మాట్లాడి, క్లాసులో రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పాలి. వాళ్లను అడిగి, ఒప్పుకున్న సంగతులు మాత్రమే క్లాసులో చెప్పాలి.

దీనికి మార్కులు లేవు, గ్రేడ్ లేదు. ఫోన్‌లో వీడియో తీసి పంపాల్సిన అవసరం కూడా లేదు. కెమెరా చూడగానే చాలామంది పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడలేరు. సెలవుల తర్వాత మొదటి వారంలో ఇంగ్లిష్ పీరియడ్స్ ఈ కబుర్లకే కేటాయిస్తున్నాం. పిల్లలు నోట్‌బుక్‌తో పాటు వీలైతే ఒక అరిసె, ఒక సకినం కూడా తెస్తే "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అన్న ప్రశ్నతోనే క్లాసు మొదలుపెడతాం.

మీకు, మీ కుటుంబానికి సంక్రాంతి శుభాకాంక్షలు.